గోరింకా, అడవి గోరింకా? కంటి వెనక చూసి తేల్చుకోండి

గోరింకని ఎవరూ మనకి చూపించి చెప్పక్కర్లేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ కళ్లముందే తిరుగుతుంది. అంత బాగా తెలిసిన పిట్ట కావడమే ఇక్కడ చిక్కు. నేలమీద నాలుగు పిట్టలు నడుస్తూ పురుగులు ఏరుకుంటుంటే, ముదురు ఒళ్లు, పసుప్పచ్చ ముక్కు, పసుప్పచ్చ కాళ్లు కనబడగానే గోరింకలని అనేసుకుని చూపు తిప్పేస్తాం. ఆ నాలుగింట్లో ఒకటో రెండో అడవి గోరింకలు అయ్యుండొచ్చు. పొడవు దాదాపు ఒకటే, 23 సెంటీమీటర్ల దగ్గర. నడక ఒకటే. ఎగిరితే రెండిటి రెక్కల్లోనూ తెల్లమచ్చ మెరుస్తుంది. అందుకే బాగా అలవాటున్నవాళ్ల లెక్కల్లో కూడా అడవి గోరింక గోరింకగానే పడిపోతుంది.

నాకు ఈ పిట్టంటే చాలా ఇష్టం. ఎక్కడో దాక్కున్న అరుదైన పక్షి కాదు, ఎదురుగా నిలబడి ఉన్నా పేరు దక్కని పక్షి. నాతో పిట్టలు చూడటానికి వచ్చేవాళ్లకి నేను మొదట నేర్పేది ఈ రెండిటి తేడానే. చెప్పే మాట కూడా ఒక్కటే: మొహం చూసేదాకా పేరు పెట్టకండి. ఒంటి రంగు, చోటు, గుంపు, అరుపు, ఇవన్నీ మొహం చెప్పిన మాటకి సాక్ష్యాలు మాత్రమే. తీర్పు మొహానిదే.

రెండూ ఒకే ప్రజాతి పక్షులు. మామూలు గోరింక శాస్త్రీయ నామం అక్రిడోథెరిస్ ట్రిస్టిస్. 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టాడు. అడవి గోరింక అక్రిడోథెరిస్ ఫస్కస్. దాన్ని వర్ణించింది జర్మన్ శాస్త్రవేత్త వాగ్లర్, 1827లో. ఇకమీద మొదటిదాన్ని మామూలు గోరింక అని, రెండోదాన్ని అడవి గోరింక అని రాస్తాను.

ముందు తెలిసినదాన్ని చూడండి

అడవి గోరింక కోసం వెతకడం తర్వాత. మామూలు గోరింకని ఎప్పుడైనా అరగంట పాటు వదలకుండా చూశారా? చాలామంది చూసి ఉండరు. దాన్ని ఒకసారి పూర్తిగా చూసినవాళ్లకి రెండో పిట్ట కనబడ్డప్పుడు ఏదో తేడాగా ఉందని కన్నే చెబుతుంది. ఈ అరగంట మానేసి నేరుగా పుస్తకంలో బొమ్మలు బట్టీపట్టినవాళ్లకి ఆ అనుమానమే రాదు.

దగ్గరగా వచ్చే మామూలు గోరింక ఒకటి దొరికితే చాలు. బైనాక్యులర్ ఉంటే మంచిది. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపించేది సరిపోతుంది, అంతకన్నా ఎక్కువైతే చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది. దాని తలమీద నలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి. నుదురు, నడినెత్తి, మెడ వెనక, గొంతు, రొమ్ము పైభాగం దాకా నలుపు ఉంటుంది. అక్కడినుంచి మెల్లగా గోధుమలోకి కలుస్తుంది. ఆ గోధుమ మట్టిరంగు కాదు, కొంచెం ఎరుపు కలిసిన వెచ్చని గోధుమ. పొట్ట నడిమి భాగం, తోక కింది భాగం తెలుపు. తోక నలుపు, చివర్లు తెలుపు.

ఇప్పుడు కంటి దగ్గరికి రండి. కంటి కింద మొదలై వెనక్కి సాగే పసుప్పచ్చ ముక్క ఒకటి ఉంటుంది. అవి ఈకలు కావు, ఈకలు లేని చర్మం. దాని అంచు ఎంత ఖచ్చితంగా ఉంటుందో గమనించండి: ఇక్కడిదాకా చర్మం, ఇక్కడినుంచి నల్ల ఈకలు, మధ్యలో మసకదనం ఉండదు. కనుపాప ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉండి, బాగా దగ్గర్నుంచి చూస్తే అందులో తెల్లని చుక్కలు కనిపిస్తాయి. దూరానికి మాత్రం కన్ను నల్లగా, ముదురుగానే తోస్తుంది. ఈ ముదురు కన్ను, దాని వెనక పసుపు చర్మం, ఈ జంటని మనసులో ముద్ర వేసుకోండి.

బొమ్మ వెయ్యడం వస్తే ఇంకా మంచిది, రాకపోయినా వెయ్యండి. పిట్ట మొత్తం అక్కర్లేదు, తల చాలు. ఒక గుండ్రం, ముక్కు, కన్ను, పసుపు ఎక్కడుందో అక్కడ ఒక గీత. చేత్తో ఒకసారి గీసిన హద్దు కంటికి బాగా గుర్తుంటుంది. నా నోటుపుస్తకాల్లో గోరింకల తలలు తప్ప ఒళ్లు ఎక్కడా లేవు.

మొహంలో మూడు చోట్లు

ఒక పిట్ట అడవి గోరింకేమో అని అనుమానం వచ్చింది. చూపు వెళ్లాల్సిన వరస ఇది: కంటి వెనక, నుదుటి మీద, ముక్కు మొదట్లో. ఈ వరస నేను ఊరికే పెట్టలేదు. మొదటిది అన్ని వయసుల్లోనూ ఎక్కువ నమ్మదగింది. రెండోది పెద్ద పిట్టల్లో గొప్ప గుర్తు, పిల్లల్లో పనిచెయ్యదు. మూడోది మంచి సాక్ష్యమే కానీ ఒంటరిగా నిలబడలేదు.

కంటి వెనక: అడవి గోరింకకి ఆ పసుపు చర్మం ఉండదు. కంటి చుట్టూ నలుపు, ముదురు బూడిద ఈకలే. మొహం మూసుకున్నట్టుగా, శుభ్రంగా కనిపిస్తుంది. మామూలు గోరింకలో పసుపు చర్మం మన చూపుని లాగేస్తుంది, కన్ను అందులో కలిసిపోతుంది. అడవి గోరింకలో దీనికి తలకిందులు. ముదురు మొహంలో లేతరంగు కన్ను ఒక్కటే వెలుగుతుంది. మన తూర్పు కనుమల్లో, పడమటి కనుమల్లో, మొత్తం దక్షిణ భారతంలో ఉండే అడవి గోరింకలకి కనుపాప లేత నీలం కలిసిన తెలుపు. ఉత్తరాదిన, హిమాలయాల అడుగు కొండల్లో ఉండేవాటికి పసుపు. రెండూ ఒకే జాతిలో ఉపజాతులు. కాబట్టి ఇంటర్నెట్‌లో పసుపు కన్నున్న ఫోటో చూసి, మీ ఎదురుగా ఉన్నది నీలిగా ఉందని కంగారు పడకండి. రంగు ఏదైనా కన్ను లేతగా ఉండటం, చుట్టూ బోడి చర్మం లేకపోవడం, ఈ రెండూ కలిసి కనబడాలి.

పిట్ట పక్కకి తిరిగినప్పుడే ఇది తేలుతుంది. ఎదురుగా మన వైపు చూస్తున్న గోరింకలో పసుపు చర్మం దాదాపు కనబడదు. వెనక్కి తిరిగి ఉంటే అసలు కనబడదు. తల పక్కకి తిప్పేదాకా ఆగండి. గోరింకలు నడిచేటప్పుడు తలని ఊరికే అటూ ఇటూ తిప్పుతుంటాయి, ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

నుదుటి మీద: అడవి గోరింకకి ముక్కు మొదట్లో, నుదుటి మీద చిన్న ఈకల కుచ్చు నిటారుగా నిలబడి ఉంటుంది, పళ్లు తోముకునే బ్రష్షు కుచ్చులాగా. పెద్ద జుట్టుపిట్టల జుట్టులా వెనక్కి వాలదు. పొట్టిగా, ముక్కుకి ఆనుకుని, పైకి. పక్కనుంచి చూస్తే నుదుటి గీత నున్నగా సాగకుండా ముక్కు పైన ఒక్కసారిగా లేస్తుంది. ఆకాశం వెనక ఉండి పిట్ట నల్లని నీడలా కనబడుతున్నప్పుడు, రంగు ఏదీ తెలియని వేళ, ఈ ఒక్క గుర్తే ఉపయోగపడుతుంది. మామూలు గోరింక నుదురు నున్నగా వెనక్కి జారుతుంది. నడినెత్తి మీద ఈకలు అది కూడా లేపగలదు, ముఖ్యంగా జత ముందు పాడేటప్పుడు. కానీ అలా లేచేవి నడినెత్తి ఈకలు, ముక్కు మొదటివి కావు. కుచ్చు ఎక్కడ లేచిందో చూడండి. ఎంత లేచిందన్నది ముఖ్యం కాదు.

వానలో తడిసిన అడవి గోరింకకి కుచ్చు అతుక్కుపోతుంది. అది ఒళ్లు దులుపుకుని ఆరేదాకా రెండో గుర్తుని పక్కన పెట్టి మొదటిదాని మీదే నిలబడాలి.

ముక్కు మొదట్లో: మామూలు గోరింక ముక్కు మొత్తం పసుపు. అడవి గోరింక ముక్కు నారింజ కలిసిన పసుపు, మొదట్లో, ముఖ్యంగా కింది సగంలో, నీలం కలిసిన నలుపు. మంచి వెలుగులో రెండు రంగుల ముక్కు అని తేలిగ్గా తెలుస్తుంది. అయితే మామూలు గోరింకలో కూడా కింది ముక్కు మొదట్లో కొద్దిగా పచ్చని గోధుమ మసక ఉండొచ్చు. మట్టిలో పొడిచిన ముక్కుకి బురద అంటుకుని ఉండొచ్చు. అందుకే ముక్కు ఒక్కటి చూసి అడవి గోరింక అని రాసేసిన లెక్కని నేను ఒప్పుకోను.

ఒళ్లు, రెక్కలు

ఒంటి రంగు విషయం తొందరగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే. అడవి గోరింక ఒళ్లు బూడిదరంగు వైపు మొగ్గుతుంది, గొంతూ రొమ్మూ ముదురు బూడిద. తలమీద నలుపు రొమ్ము దాకా దిగదు. పొట్ట లేతగా, తోక కింద మాసిన తెలుపు. పక్కపక్కన నిలబడితే ఒకటి వెచ్చగా, ఇంకోటి చల్లగా కనబడుతుంది. విడిగా కనబడితే ఈ తేడా నమ్మొద్దు. సాయంత్రపు ఎర్రటి ఎండ బూడిదని గోధుమ చేస్తుంది. చెట్టునీడ గోధుమని బూడిద చేస్తుంది.

రెక్కల్లో తెల్లమచ్చ ఇద్దరికీ ఉంది. మామూలు గోరింకలో అది పెద్దది, పైగా రెక్క కింది వైపు కూడా తెలుపు బాగా పరుచుకుని ఉంటుంది. ఎగిరినప్పుడు తెల్లగా రెపరెపలాడినట్టు కనబడుతుంది. అడవి గోరింకలో మచ్చ చిన్నది. ఎగిరిపోతున్న ఒంటి పిట్టని దీంతో తేల్చడానికి సాహసించకండి. రెండు జాతులూ కలిసి ఎగిరిన గుంపులో మాత్రం ఈ తేడా బాగా తెలుస్తుంది.

తోక చివరి తెలుపు రెండిటికీ ఉంది. దాన్ని చూస్తూ సమయం పోగొట్టుకోకండి.

తికమక పెట్టే మూడు సందర్భాలు

నన్ను ఎక్కువమంది అడిగేవి ఇవే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

మొదటిది, పిల్లపిట్టలు. రెండు జాతులూ చెట్టు తొర్రల్లో, గోడల కన్నాల్లో గూడు పెడతాయి, రెండూ నీలిరంగు గుడ్లే పెడతాయి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు. గూడు చూసో గుడ్డు చూసో జాతి చెప్పలేం, అందుకోసం తొర్రలో చెయ్యి పెట్టడం, టార్చి వెయ్యడం మహాపాపం. తల్లిదండ్రులు వచ్చేదాకా దూరంగా నిలబడి వాటి మొహం చూస్తే సరిపోతుంది. గూడు వదిలిన పిల్లల్లో మామూలు గోరింక పిల్ల తల నల్లగా ఉండదు, బూడిద కలిసిన మాసిన గోధుమ. దాంతో ఎర్రటి గోధుమ లేని ఈ వింత గోరింక ఏమిటని అనుమానం మొదలవుతుంది. అడవి గోరింక పిల్లకి కుచ్చు ఇంకా రాదు, కన్ను ఇంకా లేతరంగు తిరగదు, ఒళ్లు పెద్దవాటికన్నా గోధుమగా ఉంటుంది, గొంతు దగ్గర లేతగా ఉంటుంది. అంటే రెండు గుర్తులు ఒక్కసారే చేతికి అందకుండా పోయాయి. మిగిలింది కంటి వెనక చర్మం. మామూలు గోరింక పిల్లలో అది చిన్నగా, వెలిసిపోయినట్టుగా ఉన్నా ఉంటుంది. అడవి గోరింక పిల్లలో ఉండదు. అందుకే దాన్ని వరసలో మొదట పెట్టాను. ఇంకో సాయం కూడా ఉంది: గూడు వదిలాక కొన్నాళ్లు పిల్లలు నోరు తెరుచుకుని పెద్దవాటి వెంట పడతాయి. మేత ఎవరు పెడుతున్నారో చూడండి.

రెండోది, బోడితల గోరింకలు. ఈకలు రాల్చే కాలంలోనూ, పేలలాంటి పురుగులు పట్టినప్పుడూ మామూలు గోరింక తలమీద ఈకలు మొత్తం ఊడిపోతాయి. కింద చర్మం పసుపు. అప్పుడది చిన్న గద్దలాగో, ఎక్కడినుంచో వచ్చిన పరాయి పక్షిలాగో కనిపిస్తుంది. ఒళ్లు చూడండి, రెక్క మచ్చ చూడండి, గుంపులో మిగతావాటిని చూడండి. ఈకలు మళ్లీ వస్తాయి. దాన్ని పట్టుకుని వైద్యం చెయ్యాలని వెంటపడక్కర్లేదు.

మూడోది చాలామందికి తట్టనిది: పుప్పొడి. రెండు గోరింకలూ పూలతేనె తాగుతాయి. బూరుగ చెట్టు నిండా ఎర్రగా పూసిన వేళ దాని కింద నిలబడితే రెండూ ఒకే కొమ్మ మీద దొరకొచ్చు, తేడా నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. కానీ ముక్కు పువ్వులో దించినప్పుడు అడవి గోరింక నుదుటి కుచ్చుకి పుప్పొడి పట్టేస్తుంది. ఆ కుచ్చు ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకి చేరవేస్తుంది. చెట్టుకి అది చేసే మేలు అదే. చూసేవాళ్లకి మాత్రం నుదురు పసుపుగానో, నారింజగానో, ఒక్కోసారి గొంతు కూడా రంగు పూసినట్టుగానో కనబడుతుంది. పసుపు కనబడింది కాబట్టి మామూలు గోరింక అని తేల్చేస్తారు. పుప్పొడికీ చర్మానికీ తేడా తేలికే. పుప్పొడి ముక్కు చుట్టూ, నుదుటి మీద ఉంటుంది, గరుకుగా, అంచు లేకుండా, రెండు వైపులా ఒకేలా ఉండదు. చర్మం కంటి కిందా వెనకా ఉంటుంది, నున్నగా, అంచు తెగినట్టుగా, రెండు వైపులా ఒకేలా.

పేరులో అడవి ఉందని అడవికే వెళ్లకండి

చోటుని బట్టి తేల్చేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. ఊళ్లో ఉంటే గోరింక, చెట్ల మధ్య ఉంటే అడవి గోరింక అని ఒక లెక్క చాలామంది బుర్రల్లో ఉంది. అది తప్పు. అడవి గోరింక దట్టమైన అడవి లోపల ఉండే పక్షి కాదు. అడవి అంచులు, కొండల మీద పొలాలు, తోటలు, పశువులు మేసే బయళ్లు, కొండ ఊళ్లు దాని చోట్లు. నీలగిరుల్లో టీ తోటల మధ్య ఊళ్లలో ఇళ్ల కప్పుల మీదే తిరుగుతుంది. తూర్పు కనుమల్లో అరకు వైపు వెళ్లేవాళ్లు దాన్ని చూడ్డానికి అడవిలోకి దిగక్కర్లేదు, దున్నిన చేల గట్లు చూస్తే చాలు. ఫిజీ దీవుల్లో అయితే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో చెరకు తోటల పురుగుల్ని తినడానికని మనుషులు తీసుకెళ్లి వదిలారు. అక్కడది ఊళ్లలో, పొలాల్లో తిరిగే మామూలు పక్షి అయిపోయింది. అక్కడ మామూలు గోరింక కూడా ఉంది, కాబట్టి ఫిజీలో ఉన్న మన తెలుగువాళ్లకి రెండూ దొరుకుతాయి.

అటు మామూలు గోరింక కూడా ఊరికే పరిమితం కాదు. ఇరాన్ నుంచి మధ్య ఆసియా, భారతదేశం, శ్రీలంక మీదుగా ఆగ్నేయాసియా దాకా దాని సొంత నేల. 1862లో మెల్‌బోర్న్‌కి, 1865లో హవాయికి, రెండు చోట్లా పంట పురుగుల కోసమే, మనుషులు మోసుకెళ్లారు. అక్కడ అది అక్కడి పక్షుల తొర్రల్ని ఆక్రమించింది. 2000లో విడుదలైన వంద అత్యంత హానికర దురాక్రమణ జీవుల జాబితాలో మూడే పక్షులున్నాయి, వాటిల్లో మన గోరింక ఒకటి. పుట్టిన నేలమీద మనకి నేస్తం, అవతల అక్కడి పక్షులకి గండం. పరాయి చోట మైనా, అంటే గోరింకల్లో ఏదైనా, కనబడితే దాని జాతి సరిగ్గా రాయడం అక్కడివాళ్లకి నిజంగా అవసరమైన సమాచారం.

పశువుల వీపు మీద ఎక్కితే అడవి గోరింకే అన్నది ఇంకో నమ్మకం. అడవి గోరింకకి ఆ అలవాటు ఎక్కువే. మేసే పశువు కాళ్ల దగ్గర లేచే పురుగుల కోసం వెంట నడుస్తుంది, వీపు మీది పురుగుల్ని ఏరుతుంది. మామూలు గోరింక కూడా అదే పని చేస్తుంది. కాబట్టి పశువుల మంద ఎక్కడుందో చూసి అక్కడికి వెళ్లండి, పిట్టలు దొరుకుతాయి. పేరు మాత్రం మొహం చూశాకే.

ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు చూడాలి

సూర్యుడు మీ వెనక ఉండాలి, పిట్ట మీ ముందు. పొద్దున ఎండ పడిన గంటన్నరలో వెలుగు పక్కనుంచి వచ్చి మొహంలోకి పడుతుంది. కన్ను రంగు తెలియాలంటే అదే వేళ. మబ్బు పట్టిన రోజు ఒంటి రంగుకి ఇంకా మంచిది, నీడలు ఉండవు. నడిమధ్యాహ్నం ఎండలో నల్లని తలమీద మెరుపు వచ్చి పసుపు చర్మం కూడా వెలిసిపోయినట్టు ఉంటుంది, అప్పుడు విశ్రాంతి తీసుకోండి.

సాయంత్రం రెండు జాతులూ వెదురు పొదలకో, చెరకు తోటలకో, పెద్ద చెట్లకో గుంపులుగా చేరతాయి. ఆ గోల వినడానికి తప్పకుండా వెళ్లండి, కానీ జాతులు లెక్కపెట్టడానికి అది వేళ కాదు. వందల పిట్టలు చీకట్లో దిగుతుంటే ఎవరి కన్నూ తేల్చలేదు. లెక్క కావాలంటే అవి చేరకముందు, దగ్గర్లోని తీగల మీదో మోడుల మీదో ఆగే వేళ చూడండి. ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో మొహం మీదుగా బైనాక్యులర్ జరపండి. లేత కన్ను తగిలిన చోట ఆగండి.

దగ్గరికి వెళ్లడం గురించి ఒక మాట. మామూలు గోరింక మనిషికి అలవాటు పడింది, నాలుగడుగుల్లో కూడా నిలబడుతుంది. అడవి గోరింక చాలాచోట్ల కొంచెం ముందే లేచిపోతుంది. నేరుగా నడిచి వెళ్లకుండా అడ్డంగా, దాన్ని పట్టించుకోనట్టుగా నడవండి, మధ్యలో ఆగండి. గింజలు చల్లి, అరుపు రికార్డింగులు వినిపించి పిలవొద్దు, ముఖ్యంగా గూళ్ల కాలంలో. దక్షిణాదిన అడవి గోరింకలు ఎండాకాలంలో, వానలకి ముందే గూళ్లు పెట్టేస్తాయి. ఇక పట్టుకోవడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పరిశీలన కోసమే అయినా సరే.

అరుపు గురించి ఎక్కువ రాయను. అడవి గోరింక గొంతు మామూలు గోరింక కన్నా కొంచెం సన్నగా, పైస్థాయిలో ఉంటుంది. మామూలు గోరింక గరగర, కిచకిచ, టిక్కుటిక్కు, ఈలలు అన్నీ కలిపి పాడుతూ ప్రతి ముక్కకీ తల వంచి ఈకలు ఉబ్బిస్తుంది. రెండూ విన్న శబ్దాల్ని అనుకరిస్తాయి కాబట్టి గొంతు వినబడితే అటు తిరిగి చూడండి, గొంతుతో పేరు పెట్టకండి.

మధ్యలో దూరే ఇతర మైనాలు

ఉత్తర భారతంలో ఉంటే ఒడ్డు మైనా ఒకటి ఉంది, అక్రిడోథెరిస్ జింజినియానస్. బూడిద ఒళ్లు చూసి అడవి గోరింక అనుకుంటారు. దాని కంటి చుట్టూ ఇటుక రంగు బోడి చర్మం ఉంటుంది, రెక్క మచ్చ తెలుపు కాదు, లేత గోధుమ కలిసిన నారింజ. నదుల ఒడ్డు మట్టిగోడల్లో కన్నాలు చేసి గూళ్లు పెడుతుంది. కంటి వెనక చూడమన్న మాట ఇక్కడా పనికొచ్చింది.

సింగపూర్‌లో ఉన్నవాళ్లు వీధుల్లో ఎక్కువగా చూసేది జావా మైనా. కుచ్చు ఉంటుంది, లేత కన్ను ఉంటుంది, బోడి చర్మం ఉండదు. అడవి గోరింక అని రాసెయ్యడానికి అన్నీ సిద్ధంగా ఉన్నట్టే. అక్కడ ముక్కు చూడండి: మొదటి నుంచి చివరిదాకా పసుపే, నల్ల మొదలు లేదు. ఒళ్లు ఇంకా నల్లగా, తోక కింద తెలుపు ఖచ్చితంగా. నేను మూడో స్థానంలో పెట్టిన ముక్కు అక్కడ మొదటి స్థానానికి వస్తుంది.

కొండ మైనాని వీటితో కలపకండి. తూర్పు కనుమల ఉత్తర భాగంలో, పడమటి కనుమల్లో ఉండే ఆ పక్షులు వేరే ప్రజాతి. నిగనిగలాడే నలుపు, తల వెనక పసుపు చర్మపు మడతలు, చెట్ల కొనల మీదే బతుకు. అడవిలో కనబడింది, మైనాలాగే ఉంది కదా అని అడవి గోరింకని కొండ మైనాగా రాసేవాళ్లని చూశాను. నేలమీద నడుస్తూ పురుగులు ఏరుతుంటే కొండ మైనా ఆలోచనే వదిలెయ్యండి.

ఫోటో తీసినా, రాసినా

ఫోటో తీస్తే పక్కనుంచి తల కనబడేలా ఒకటి తప్పక తియ్యండి. రెక్కలు విప్పిన గొప్ప ఫోటో అందంగానే ఉంటుంది, కానీ జాతి తేల్చడానికి కన్నూ ముక్కూ తేటగా ఉన్న మామూలు ఫోటో పదింతలు పనికొస్తుంది. ఫోన్‌లో తీస్తే ఎక్కువగా జూమ్ చెయ్యకుండా తీసి, తర్వాత కత్తిరించుకోండి. రంగులు సరిదిద్దే ఫిల్టర్లు వాడకండి, గోధుమకీ బూడిదకీ మధ్య తేడా అక్కడే చచ్చిపోతుంది.

ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌లు కూడా మసక ఫోటోకి మసక జవాబే చెబుతాయి. అది చెప్పిన పేరుని మీ మూడు గుర్తులతో సరిచూసుకోకుండా ఒప్పుకోకండి.

చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లాంటి చోట లెక్కలు పెట్టేటప్పుడు మొహం కనబడని పిట్టల్ని మామూలు గోరింక సంఖ్యలో కలపొద్దు. జాతి తేలని మైనా అని రాసే వీలు ఉంది, అది వాడండి. పన్నెండింట్లో ఏడు మొహాలు చూశారనుకోండి. ఐదు మామూలువి, రెండు అడవివి. మిగతా ఐదూ తేలనివే. అలా రాసిన జాబితాని నేను పూర్తిగా నమ్ముతాను.

అడవి గోరింక అని రాస్తే పక్కన కనుపాప రంగు కూడా ఒక్క ముక్కలో చేర్చండి: పసుపు, లేదా నీలం కలిసిన తెలుపు. ఈ రెండు రకాల మధ్య హద్దుని రాజస్థాన్‌లోని మౌంట్ అబూ నుంచి ఒడిశాలోని పూరీ దాకా గీసిన గీతగా చెబుతారు; దానికి ఉత్తరాన పసుపు కళ్లవి, దక్షిణాన లేత నీలం కళ్లవి. ఆ గీతకి దగ్గర్లో, అంటే ఒడిశాలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో ఉత్తరాంధ్ర కొండల్లోనో చూసేవాళ్లు ఇది మరిచిపోకండి. పిల్లపిట్ట అయితే అదీ రాయండి, దాని కన్ను ఇంకా రంగు తిరగలేదు కాబట్టి.